గుండ్రటి బొమ్మలో పెద్ద ముక్క

అత్తయ్యగారికి నమస్కారాలు.

నేను క్షేమం. ఈ వయసులో కాలేజీ బెంచీ మీద కూర్చోవాలంటే మొదట్లో సిగ్గేసింది. ఇప్పుడు నడుం నొప్పి ఒక్కటే. వ్యాసం ఎలా రాయాలో, చెప్పదలచుకున్నది బొమ్మలో ఎలా చూపించాలో నేర్పుతున్నారు. ఏ మాటకైనా రుజువు ఉండాలట. నేను మన ఇంటి గురించే రాస్తున్నాను. దానికి గీసిన బొమ్మ ఇందులో పెట్టాను. ఆ గుండ్రం మన ఇల్లు. పెద్ద ముక్క మీది, సన్నటి చీలిక మీ అబ్బాయిది. మీరు సరేనంటేనే క్లాసులో గోడకు పెడతాను.

ఇట్లు,
మీ కోడలు

తా.క. మీకు ఎరుపు వేశాను. మీకు నప్పుతుంది.

*

అమ్మాయికి ఆశీస్సులు. కోపంలో ఉన్నా ఆశీస్సులు ఆశీస్సులే.

బొమ్మ చూశాను. రొట్టె కోసి పంచినట్టుంది. ముప్పాతిక నాకు, చీలిక నా కొడుక్కి! ఇంట్లో నేనే తెగ తింటున్నానని క్లాసంతటికీ గోడకెక్కించి చాటుతావా? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినేదాన్ని. రుజువు కావాలా? నా జాకెట్లు ఎంత వదులయ్యాయో వచ్చి చూడు. ఇవాళ్టి నుంచి వంటింటి గడప తొక్కను. ఎవరి ముక్క వాళ్లే వండుకోండి.

ఇట్లు,
ఎర్ర ముక్క

తా.క. నీ కూతురికి జడ మాత్రం నేనే వేస్తున్నాను. దాని మీద నాకు కోపం లేదు.

*

అత్తయ్యగారి కాళ్లకు దండాలు.

అయ్యో అత్తయ్యా! అది తిండి కాదు, పని! ఇంట్లో ఎవరు ఎంత పని చేస్తున్నారో గీశాను. అదేమిటో కింద రాయడం మరిచిపోయాను. మా టీచరమ్మ కూడా "బాగుందమ్మా, ఇంతకీ ఏమిటిది?" అని మార్కులు తగ్గించారు. మీరు పాపను చూసుకోబట్టే నేనిక్కడ కూర్చోగలిగాను. ఆ మాట మీ ఎదుట నిలబడి చెప్పడం చేతకాక బొమ్మ గీశాను. అదీ చేతకాలేదు. మీకు కష్టంగా ఉంటే చదువు మానేసి వచ్చేస్తాను. ఆదివారం బస్సుకు సీటు కూడా తీసుకున్నాను.

ఇట్లు,
మీ కోడలు

తా.క. ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లోంచి కూడా మీరు గుడ్లురుముతారని భయమేసింది.

*

అమ్మాయికి ఈసారి మనసారా ఆశీస్సులు.

పెళ్లయిన నాటి నుంచి నేను చేసిన పనంతా తినేసి, కడిగేసి, మరిచిపోయేదే. దాన్ని ఒకరు కాగితం మీద పెడతారని ఎప్పుడూ అనుకోలేదు. నీ ఉత్తరం చదువుకుని ఏడ్చాను. బంగారు తల్లివి. కింద ఏమిటో రాసి మరీ గోడకు పెట్టుకో.

కానీ ఆ బొమ్మ ఇప్పుడు తప్పమ్మా. నేను అలిగి కూర్చున్నప్పటి నుంచి వంట నీ మొగుడే చేస్తున్నాడు. మొదటి రోజు కూర ఎంతగా మాడిందంటే గిన్నెతో సహా పారేశాం. నిన్న పాప ఇంకొంచెం పెట్టమని అడిగింది. నా అలక ఎప్పుడో తీరిపోయింది గాని, ఆ సంగతి వాడికి చెప్పలేదు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. బస్సు సీటు రద్దు చేసుకో. వాడు ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నాడు. నువ్వొచ్చావంటే ఇద్దరి చదువూ చెడుతుంది.