పేరు తేలని రాయిని కోసి చూడమని మనవి

భూగర్భ శాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మాయి చివరిగా కొట్టి తెచ్చిన రాయికి పేరు తేల్చుట గురించి.

తమ శాఖలో రాళ్ళ పరీక్ష ఉద్యోగం చేస్తూ, కొండచరియ విరిగిపడి మరణించిన అమ్మాయికి తల్లిని. ఐదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే మన్నించి ఈ దిగువ సంగతులు చూడవలెను.

1. ఆసుపత్రి వారు అప్పగించిన సంచిలో నిమ్మకాయంత రాయి ఒకటి ఉన్నది. నెత్తురు నా కంట పడకూడదని అక్కడి ఆయా దాన్ని రుద్ది కడిగి ఇచ్చింది. మంచి మనసుతోనే చేసింది. కానీ దాని మీద మా అమ్మాయి రాసిన నంబరు కూడా పోయింది.

2. రాయి తీసుకుని తమ ఆఫీసుకు వచ్చాను. "నంబరు లేదు, ఏ కొండదో తెలీదు, దీన్ని మేమేం చేసుకుంటామమ్మా? గుర్తుగా ఇంట్లో పెట్టుకోండి" అన్నారు గుమాస్తా గారు. అయ్యా, గుర్తులకు మా ఇంట్లో కరువు లేదు. తలుపు వెనక ఆమె బూట్లకు మట్టి ఇంకా అలాగే ఉన్నది.

3. ఏ కొండదో తెలియకున్నా పేరు పెట్టవచ్చునని ఆమే నాకు చెప్పింది. మా వంటగట్టు రాయిని అంగడివాడు నల్ల గ్రానైట్ అని అంటగట్టాడు. మా అమ్మాయి భూతద్దం పెట్టి చూసి ఒకటే నవ్వు.

"ఇది గ్రానైట్ కాదమ్మా, గాబ్రో."

"అదేం పేరే, గాబరా పడ్డట్టు!"

"ఊరు చూసి, రంగు చూసి పేరు పెట్టకూడదమ్మా. లోపల ఏ పలుకు ఎంత పాలుందో చూడాలి. ఇదే సరుకు కరిగి ఉన్నప్పుడు నేల పైకి పొంగి గబుక్కున చల్లారితే పలుకు కంటికి ఆనదు, అప్పుడు బసాల్ట్ అంటాం. ఇది భూమి లోపలే ఉండి నిదానంగా చల్లారింది, అందుకే ఇంతింత పలుకులు."

4. పోయిన రోజు పొద్దున ఫోన్ చేసింది. "అమ్మా, ఒక రాయి దొరికింది. చూస్తే గ్రానైట్‌లాగే ఉంది గానీ, గాజులా మెరిసే పలుకు తక్కువేమోనని నా అనుమానం. ఇప్పటికి గ్రానైట్ అనే పిలుస్తున్నా, ముద్దుపేరు అనుకో. కోసి లెక్కపెడితే గానీ అసలు పేరు తేలదు. వచ్చాక చెప్తాలే" అన్నది. రాలేదు.

5. తమ ఆఫీసులో రాళ్ళు కోసే మేస్త్రీ గారిని అడిగాను. వెలుతురు దూరేంత పలచగా అరగదీయాలనీ, పలుకులు పెద్దవి కనుక రెండు మూడు ముక్కలు కావాలనీ, ఇంత చిన్న రాయిలో ఇక మిగిలేదేమీ ఉండదనీ, ఆలోచించుకోమనీ చెప్పారు. ఆలోచించుకున్నాను. దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకుంటున్న మాట నిజమే. అయినా ఇస్తాను. నా బిడ్డ అనుమానం నిజమో కాదో తేలకుండా నేను రాయిని దాచుకుంటే ఏం న్యాయం? వట్టి గ్రానైటేనని తేలినా పరవాలేదు.

కావున తమరు దయతలచి, నంబరు లేకున్ననూ సదరు రాయిని స్వీకరించి, కోయించి, పలుకులు లెక్కపెట్టించి, అసలు పేరు నాకు తెలియజేయగలందులకు ఈ తల్లి గోడు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆ రాయి తెచ్చిన అమ్మాయి తల్లి

మళ్ళీ రాయునది: కోసేటప్పుడు నన్ను లోపలికి రానివ్వండి బాబూ. ఆసుపత్రిలో పరీక్షకని నా బిడ్డను కోసినప్పుడు నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఓ మూల నిలబడతాను. ఏడవను. ఏడిస్తే పంపించెయ్యండి.