తాగకుండా తూలినందుకు ధ్రువపత్రం

అల్ వర్సాన్, దుబాయ్
తేది: 14-3-2022

క్యాంపు ఆఫీసర్ ప్రభుదాస్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ ఆజ్ఞపై తాగుబోతుగా నటించిన నాకు, తాగుబోతును కానని ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

బి.కాం. సెకండ్ క్లాసులో ప్యాసై, ఈ కార్మికుల క్యాంపు స్టోరులో హెల్మెట్లు పంచుచున్న కౌశిక్ విన్నవించుకొనునది ఏమనగా:

1. మద్యం నిషిద్ధమైన మన క్యాంపులో సీసాలు అమ్మునది ఎవరో రహస్యంగా కనిపెట్టమని తమరే నన్ను నియమించితిరి. "కాలేజీలో నాటకాలేశానన్నావు గదా, తాగుబోతు వేషం కట్టెయ్ అబ్బాయ్. అమ్మేవోడే బయటపడతాడు" అని సెలవిచ్చితిరి.

2. కట్టితిని. మజ్జిగ తాగి తూలితిని. మెస్సులో పప్పు గిన్నెకు సలాం కొట్టితిని. ఆగి ఉన్న క్యాంపు బస్సును "అన్నా, జర జరుగు" అని బతిమాలితిని. పక్క మంచం అజ్మల్ మురిసిపోయి, వీడియో తీసి, మా మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టెను. నటనలో లోపం లేదని తమరు గ్రహించగలరు.

3. పదోరోజున సదరు విక్రేత ఎవరో తెలిసినది. వెళ్లి సీసా అడిగితిని. ఇచ్చుటకు బదులు ఆయన నా చెవి మెలిపెట్టెను. "సిగ్గు లేదారా? నెల రోజులల్ల లగ్గం పెట్టుకొని సీస అడుగుతున్నవా? మా అక్కబిడ్డ బతుకేం గావాలె? యల్లా, నడువ్!"

4. అయ్యా, ఆయన నాకు కాబోయే భార్య స్వర్ణకు స్వయానా మేనమామ. ఈ క్యాంపులో స్వర్ణకు మేనమామలు ఎందరున్నారో తమరు ఆరా తీయవద్దని ప్రార్థన.

5. వీడియో చూసిన కాబోయే అత్తగారు సాయవ్వ ఫోన్ చేసి, "బస్సుతోని ముచ్చట పెట్టెటోనికి నా బిడ్డెందుకు? ఆ బస్సునే చేస్కో" అని కట్ చేసెను. స్వర్ణ మాత్రం పగలబడి నవ్వి, "మంచిగనే చేసినవ్ గని, అమ్మ ఉత్త మాట నమ్మది. ముద్రేసిన కాయితం పంపు" అనెను.

6. కాయితానికి సాక్షి కావలెనని తమరు అంటిరి. నాకు చుక్క దొరకలేదని ఎరిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన పేరు చెప్పితే పెండ్లి పోవును, చెప్పకున్నచో కాయితం పోవును.

కావున, తూలినది డ్యూటీలో భాగమని తెలుగులో రాయించి ఇప్పించి, నా లగ్గం నిలుపుటకు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తిన్నగా నిలబడి సంతకం చేసిన
కౌశిక్

తా.క.: సార్, మామకు నిజం చెప్పేశాను. మంచమ్మీద కూలబడి, "ఖలాస్, ఇగ జన్మల సీసలు అమ్మను. సాక్షి సంతకం నేనే పెడుత" అన్నాడు. ఎవరికీ చదవరాకుండా పెడతాడట. మీరు ముద్ర సరిగ్గా దానిమీదే గుద్దండి సార్, ప్లీజ్.