తమ్ముని వరుస

ఆదివారం, ఇస్నాపూర్

మా పాటల నాటకం ఆఖరి పాట కాడ ఆగింది. ఫ్యాక్టరీల రియాక్టర్ పేలి సచ్చిపోయిన బీహార్ పిలగాని మీద శోకం గావాలె. మా పై రూంల కిరాయికుండె పంకజ్ కథే అది. సలీం హార్మోనియం మీద బాణీ కట్టిండు. మాటలు కట్టే సత్తెమ్మ మాత్రం ఒప్పుకోలే.

"వరుస లేంది శోకమెట్ల తీస్తరు? కొడకా అనాల్నా, అల్లుడా అనాల్నా? ఈడ ఆనికి ఎవరున్నరు?" అన్నది.

నాకు మండింది. "నాటకమే గద, ఏదో ఒకటి పెట్టు" అన్న.

"ఆ పిలగాడు నిన్నేమని పిలుస్తుండె?"

"దీదీ అని."

"అంటే అక్కవే గద. ఇగ నువ్వే ఎత్తుకో."

సలీం శ్రుతి పట్టిండు. "ఓ తమ్మీ..." అన్న. గదే పాటకు మొదటి మాట అన్నది సత్తెమ్మ.

ఇంటికొచ్చిన సంది పై రూం దిక్కు చూడబుద్ధి అయితలేదు. మెట్ల మీద చెప్పులిడిసిన సప్పుడైనట్టే ఉన్నది, దీదీ అంటడేమో అని చెవులు అటే పోతున్నయి.

ఇన్ని దినాలు కిరాయికున్న పిలగాడు పోయిండనుకున్న. ఇయ్యాల నా తమ్ముడు పోయిండు.