ఫ్రిజ్ తలుపులో నల్ల కవరు

ఏమండీ,

పదో తరగతి పరీక్షల డ్యూటీ, సెలవు దొరకలేదు. ఫ్రిజ్ తలుపులో నల్ల కవరుంది. అందులోది నా మోషన్ టెస్టు డబ్బా. అత్తయ్యగారు స్నానం చేసొచ్చి పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచేలోపే తీసేయండి. తొమ్మిదిలోపు నారాయణగూడ ల్యాబులో ఇవ్వాలి. "లేటయితే మళ్ల ఇయ్యాలె మేడమ్" అని ల్యాబాయన ముందే చెప్పాడు. స్కూటర్ డిక్కీలో పెట్టి మర్చిపోకండి, ఎండకి పాడవుతుంది.

మీరు గ్యాసే అన్నారు గానీ, ఇది గ్యాసు కాదు. పేగుల జబ్బేమోనని డాక్టరుగారికి అనుమానం. బుధవారం కెమెరా గొట్టం వేసి చూస్తారట. తోడు ఎవరైనా రావాలన్నారు. మీరే రండి.

సుహాసిని

మూడు నెలలుగా మోషన్‌లో రక్తం పడుతోంది. మీరు నా ఎదురుగా కూర్చునేది అన్నం తినేటప్పుడు మాత్రమే. కంచం ముందు ఆ మాట ఎలా చెప్పను?