ఏటి అవతలి ఆర్విన్

లూయిస్ తల్లీ, నా మోకాలు బాగుంది, బెంగపడకు. జనాభా వందకు తగ్గితే మన విల్లెట్ పేరు తీసేసి పక్క ఊళ్ళో కలిపేస్తారని భయపడ్డాం కదా. మొన్న జనాభా లెక్కలాయన వచ్చాడు. మొత్తం తొంభై ఏడుగురమే తేలాం. ఊరంతా మొహాలు వేలాడేసుకుంటే నేను, "ఊరి హద్దు ఏరే కదా నాయనా, ఆ ఏరిప్పుడు ఎక్కడ పారుతోందో చూశావా?" అన్నాను. వరదలో అది, అవతలి గట్టునుండే ఆర్విన్ టాల్బట్ ఇంటి వెనక్కి మారిపోయి, ఆ ఇల్లు మనవైపుకొచ్చేసింది. మనవాళ్ళు మాత్రం ఎండిపోయిన పాత పాయనే ఇంకా ఏరంటున్నారు.

లెక్కలాయన్ని వెంటబెట్టుకుని వెళ్తే ఆర్విన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కోరమ్మా, నేను ఏటి అవతలివాణ్ణి. మీ ఊరితో నాకేం పని?"

"నువ్వు రానక్కర్లేదయ్యా, ఊరే నీ గుమ్మంలోకొచ్చింది."

లోపలినుంచి అతని భార్య డెల్ఫా అరిచింది: "ఐదుగురం రాసుకోండి, నేనూ పిల్లలూ! ఈయన్ని అవతలే ఉండనివ్వండి!"

ఆర్విన్ గొణిగాడు: "నన్నూ రాయవయ్యా."

నూటముగ్గురం! కౌంటీ ఆఫీసు వాళ్ళూ ఒప్పుకున్నారు.

పాపకు పళ్ళొచ్చాయా? నా జామ్ సీసాలు ఖాళీవైనా తిప్పి పంపు. జవాబు రాసేటప్పుడు ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాయి. ఇంకో పదేళ్ళు దాన్ని ఎవడూ కొట్టెయ్యలేడు. పాపకు ముద్దులు, మీ ఇద్దరికీ దీవెనలు.

అమ్మమ్మ కోరా