మస్తాన్ వకీలు మీద ఫిర్యాదు

జూలై 17, గురువారం

సోమవారం సంగతి రాసి పెడుతున్నాను. పొద్దున నా భార్య సుశీల బాగానే ఉంది. కూతురు కెజియాకు క్యారేజీ కట్టింది. కెజియా ఆత్మకూరు బస్సెక్కింది. అక్కడ మస్తాన్ వకీలు ఆఫీసులో ఇంటర్న్‌షిప్, లా కాలేజీ వాళ్లు వేశారు. పదకొండు దాటాక సుశీలకు ఆయాసం. ఉదయగిరి ఆసుపత్రిలో చూసి ఆత్మకూరు తీసుకెళ్లమన్నారు. కారు మాట్లాడాను. దారి పొడవునా కెజియాకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. ఆత్మకూరు ఆసుపత్రికి కెజియా ఉన్న కోర్టు రెండు వీధుల అవతలే. సుశీలను వదిలి ఎలా వెళ్లను.

"కెజి వచ్చిందా?" మళ్లీ అడిగింది. తర్వాత అడగలేదు.

సాయంత్రం కోర్టు అయిపోయాక కెజియా వచ్చింది. అప్పటికే దుప్పటి కప్పేశారు.

జూలై 18

కెజియా ఫోన్ ఆఫీసులో, వకీలు సొరుగులో ఉందట. ఎప్పుడో ఒక స్టూడెంట్ ఫోన్ కోర్టు హాల్లో మోగితే జడ్జి లాగేసుకున్నాడట. అప్పటినుంచి పిల్లల ఫోన్లన్నీ పొద్దున్నే సొరుగులోకి. మస్తాన్ పెట్టిన రూలు.

జూలై 20, ఆదివారం

ఇంట్లో సుశీల కోసం ఆదరణ కూడిక, చర్చివాళ్ల ప్రార్థన. మస్తాన్ వచ్చాడు, గుమాస్తా రమణయ్యను వెంటబెట్టుకుని. నేను పలకరించలేదు. రమణయ్యే నోరు విప్పాడు.

"మోగతానే ఉండాది సార్. నాన్న అని పేరు పడతా ఉండాది. ఆడబిడ్డ ఫోను గదా, మనం ఎట్టా తీసేది… సాయంత్రం వస్తే చెప్పొచ్చులే అనుకున్నా."

మస్తాన్ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. అప్పటికే రమణయ్య అంతా చెప్పేశాడు.

రమణయ్య మర్యాదస్తుడు. ఆ మర్యాద నాకు అక్కర్లేదు.

జూలై 22

కెజియా మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్తానంటుంది. ఇంటర్న్‌షిప్ పూర్తి కాకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు, అది లేకపోతే ఏడాది పోతుంది.

"పో. నన్ను అడగొద్దు."

పోయింది. అన్నం నేనే వండాను. మాడింది.

జూలై 24

తింటూ తనే చెప్తుంది, నేను అడగను. కాలేజీలో సెక్షన్లు చెప్పారు గానీ, వచ్చిన మనిషిని ఏం అడగాలో చెప్పలేదట. మస్తాన్ మొదటి వారమంతా పెన్ను ముట్టుకోనివ్వలేదట. "మనిషి చెప్పడం ఆపినాక రాయి. ముందే రాస్తే నీ కథ రాస్తావు" అన్నాడట.

గొప్ప గురువు. పళ్లెం తీసుకుని వసారాలోకి వెళ్లాను.

జూలై 27, ఆదివారం

అనంతసాగరం నుంచి చెంచమ్మ అనే ఆవిడ వచ్చింది, అరటిపళ్లతో. మస్తాన్ క్లయింటు. మొగుడు కొట్టి వెళ్లగొడితే భరణం కేసు వేసింది. ఆ సోమవారమే ఆమె సాక్ష్యం.

"నీ బిడ్డ చెయ్యి పట్టుకోనుంటేనే బోను దాకా పోయినా సార్. లేకుంటే గేటుకాడ్నించే ఎనక్కొచ్చుందును."

అంటే ఆ రోజు నా బిడ్డ ఒకరి చెయ్యి పట్టుకుంది. సుశీలది కాదు.

పళ్లు ముట్టలేదు.

జూలై 30

కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాశాను. ఆ వకీలు దగ్గరికి ఇక ఏ విద్యార్థినీ పంపవద్దని. కెజియాను కూడా వెంటనే వెనక్కి పిలవమని. మూడు పేజీలు. రాస్తున్నంత సేపూ హాయిగా ఉంది.

ఆగస్టు 1

ఫిర్యాదు బల్ల మీదే వదిలేశాను, కెజియా చదవాలనే. చదివింది. ఏడుస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"దీంట్లో అన్నీ తిట్లే ఉండాయి నాన్నా. తిట్లు నిలబడవు. జరిగింది చెప్పు."

"నేను నీ క్లయింటును కాదు."

"తెలుసు. చెప్పు."

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. కారులో సుశీల తల నా భుజం మీద ఎలా బరువెక్కిందో… ఎవరికీ చెప్పనిది. చెప్పాను. దుప్పటి దాకా చెప్పాను. నేను ఆగాక, ఇంకా కాసేపు చూసి, అప్పుడు కాగితం తీసింది.

వాడు నేర్పిన విద్య. నా మీదే.

ఆగస్టు 3, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. కెజియా ఫిర్యాదు తిరగరాసి ఇచ్చింది. ఒక్క పేజీ. మొదటి పేరా సొరుగు రూలు. రెండోది నా ఫోన్లు. మూడోది రమణయ్య విని కూడా తీయకపోవడం, కోర్టుకు కబురు పంపకపోవడం. ఒక్క తిట్టు లేదు. నా మూడు పేజీల కంటే పదును. తన గురువు మీద తనే.

నాలుగో పేరా — మధ్యాహ్నం విరామంలో ఆఫీసుకు వెళ్లి ఫోన్ చూసుకునే వీలు ఉన్నదనీ, చెంచమ్మ భయపడుతున్నందున తానే ఆమె దగ్గర ఉండిపోయాననీ. పక్కన తన సంతకం.

నాకు ఇది తెలియదు.

"ఇదెందుకు?"

"జరిగింది గాబట్టి."

"దీన్ని పట్టుకుని తప్పంతా నీ మీదికి తోస్తారు."

"తోస్తారు. అవతలి వకీలునైతే నేనూ అదే చేస్తా."

"ఇది కాలేజీకి చేరితే నీ ఏడాది పోతుంది."

"పోతాది."

"ఆ పేరా కొట్టెయ్."

"నేను కొట్టను నాన్నా. ఫిర్యాదు నీది. కొట్టాలంటే నువ్వే కొట్టు."

వంటింట్లోకి వెళ్లింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

కొట్టలేదు. సంతకమూ పెట్టలేదు. రేపు ఉదయం మొదటి బస్సుకు ఆత్మకూరు వెళ్తాను. కాలేజీకి పంపేముందు మస్తాన్ ఎదుట నిలబడి, అతని క్లయింట్లందరూ వింటుండగా పైకి చదువుతాను. మూడు పేరాలు గట్టిగా చదువుతాను. నాలుగోదానికి నోరు వస్తుందో రాదో… అక్కడే తెలియాలి.