లైఫ్ జాకెట్ కొలత

డిసెంబరు 6, శనివారం

పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, "సెలవుల్లో చెన్నై నుంచి ఓడలో విహారానికి పోదామే, నీక్కూడా టికెట్ తీస్తుండా" అన్నది. నమ్మలేకపోయాను. విహారం అన్న మాటే ఎంత తేలికగా ఉంటుంది! దాన్ని పలుక్కుంటూ, నాలాంటి లావుపాటి మనిషి అడగాల్సినవన్నీ ఆలోచించుకుని ఓడ టికెట్ల ఏజెంటుకు ఫోన్ చేశాను. బాత్రూం తలుపు వెడల్పు, చేతుల్లేని కుర్చీలు, అన్నీ ఓపికగా చెప్పాడు. చివర్లో, "పెద్ద లైఫ్ జాకెట్ ముందే చెప్పి పెట్టించాల. మీ వెయిట్ ఎంత మేడం?" అన్నాడు.

నాకు తెలియదు. ఇంట్లో మిషన్ ముల్లు చివరిదాకా వెళ్లి ఆగిపోతుంది.

"రొయ్యల షెడ్డులో మేత బస్తాలు తూసే కాటా ఉంది గదమ్మా, ఎక్కు" అన్నాడు నాన్న, ప్రేమగానే.

"కాటా పాడైతే రేపు మేతెట్ట తూస్తాం నాన్నా?" అన్నాడు అన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, గదిలోకొచ్చి ఏడ్చాను.

రానని చెప్పేస్తే పోతుందేమో. ఎక్కడికి వెళ్లినా ముందు నా ఒళ్లే వెళ్లి నిలబడుతుంది. కానీ ఇన్నేళ్లూ సముద్రాన్ని ఒడ్డునుంచే చూశాను...

రేపు ఆదివారం. ఇంట్లోవాళ్లూ కూలీలూ చర్చికి పోతారు. తలనొప్పని చెప్పి ఆగిపోయి, షెడ్డు తాళం తీసుకుని, ఒక్కదాన్నే కాటా ఎక్కుతాను.